పనిచేసే చోట అందరికీ చోటు: శిక్షణ ఎవరికి, దేనికి?

దిల్‌సుఖ్‌నగర్ నుండి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్‌బీ నగర్ చౌరస్తా వరకు విజయవాడ రహదారికి రెండు ప్రక్కలా బట్టల షోరూములు, నగల దుకాణాలు, కోచింగ్ సెంటర్లు, నర్సింగ్ హోములు, హాస్టళ్ళు వరుసగా కనిపిస్తాయి. వీటిలో చాలావాటికి యజమాని ఒక్కడే మేనేజరు, ఒక్కడే ఇంటర్వ్యూ బోర్డు, ఒక్కడే ఫిర్యాదుల అధికారి. పెద్ద కంపెనీలలో ‘డైవర్సిటీ అండ్ ఇన్‌క్లూజన్’ పేరుతో అధికారులకూ సిబ్బందికీ ఇస్తున్న శిక్షణ ఈ వీధిదాకా వచ్చింది తక్కువ. వచ్చిన చోట కూడా ఏడాదికొకసారి ఒక ఉపన్యాసం, ఒక సంతకాల పట్టిక, ఒక ఫోటో. ఆ శిక్షణ అసలు దేనికి, దానివల్ల ఏమి జరుగుతుంది, ఏమి జరగదు అన్నది ఆలోచించదగిన విషయం. ఉద్యోగాలు వెదుక్కునే ముస్లిం యువతీయువకులకు ఎంత అవసరమో, పదిమందికి పని చూపే ముస్లిం వర్తకులకు కూడా అంతే అవసరం.

ముందుగా మాట సంగతి. ‘డైవర్సిటీ’కి తెలుగులో వైవిధ్యం అంటున్నారు, ఉర్దూలో తనవ్వు అంటున్నారు. రెండూ సరిపోయే మాటలే. చిక్కంతా రెండవ మాటతోనే. ‘ఇన్‌క్లూజన్’ను ‘చేర్చుకోవడం’ అని అనువదిస్తే, లోపలివాడు దయతలచి బయటివాణ్ణి రానిచ్చినట్లు ధ్వనిస్తుంది. ‘కలుపుకొనిపోవడం’ కొంత నయం. ఉర్దూ మాట్లాడే కార్మికుడు తన నోట సహజంగా వాడే మాట ఇన్సాఫ్. దాని అరబీ మూలం సగం అనే అర్థమిచ్చే ధాతువులో ఉన్నది. ఎదుటివాని వాటా ఎదుటివానికి ఇవ్వడమే ఇన్సాఫ్. ఇందులో దయ ప్రసక్తి లేదు. శిక్షణ ఇచ్చేవారు ఏ మాటతో మొదలుపెడతారో, వినేవారికి అందే భావం కూడా దానిని బట్టే ఉంటుంది.

ఈ శిక్షణ పుట్టిల్లు అమెరికా. అక్కడ 1964లో వచ్చిన పౌరహక్కుల చట్టం జాతి, వర్ణం, మతం, లింగం, జాతీయత కారణంగా ఉద్యోగంలో వివక్ష చూపడాన్ని నిషేధించింది. కోర్టు కేసుల భయంతో కంపెనీలు తమ అధికారులకు పాఠాలు చెప్పించడం మొదలుపెట్టాయి. క్రమంగా అదే ఒక పెద్ద వ్యాపారమయింది. దాని ఫలితాలను ఏళ్ళ తరబడి లెక్కకట్టినవారు ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కాలెవ్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రజ్ఞులు. వారు 2016లో ప్రకటించిన వ్యాసం ప్రకారం, మేనేజర్లకు శిక్షణను తప్పనిసరి చేసిన సంస్థలలో ఐదేళ్ళ తరువాత చూస్తే మేనేజర్లలో శ్వేతజాతి స్త్రీల వాటా పెరగలేదు. నల్లజాతి స్త్రీల వాటా సగటున 9 శాతం తగ్గింది. బలవంతంగా కూర్చోబెట్టి ‘నీలో పక్షపాతం ఉన్నది’ అని చెబితే మనిషి లోలోపల ఎదురుతిరుగుతాడన్నది వారి వివరణ. ఇష్టపూర్వకంగా హాజరయ్యే శిక్షణ, పైఅధికారి కొత్తవారిని చేతిపట్టి పని నేర్పే పద్ధతి, ఎవరిని తీసుకున్నారు ఎవరిని వదిలారు అని ఒకరు జవాబు చెప్పవలసిన ఏర్పాటు మెరుగైన ఫలితాలు ఇచ్చాయి. 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ అక్కడి కేంద్ర ప్రభుత్వ శాఖలలో ఈ కార్యక్రమాలను రద్దు చేస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. శిక్షణ ఫలించిందా లేదా అన్న ప్రశ్న ఒకటి, వివక్ష ఉన్నదా లేదా అన్న ప్రశ్న మరొకటి. అమెరికా వాదోపవాదాలలో ఈ రెండూ తరచుగా కలగాపులగం అవుతున్నాయి.

మన దేశం దారి వేరు. ఇక్కడ శిక్షణకు ఆధారం కంపెనీల ఉత్సాహం కాదు, కొన్ని చట్టాలు. రాజస్థాన్‌లో ప్రభుత్వ కార్యక్రమం కోసం పనిచేస్తూ బాల్యవివాహాన్ని అడ్డుకున్న ఒక గ్రామీణ మహిళపై 1992లో జరిగిన అత్యాచారం విశాఖా కేసుకు దారితీసింది. 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు ఆ కేసులో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటినుండి 2013లో పనిస్థలాలలో స్త్రీలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చింది. పదిమంది లేక అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి, సభ్యులలో కనీసం సగం మంది స్త్రీలు కావాలి, బయటి సంస్థ నుండి ఒకరు ఉండాలి. సిబ్బందికి నియమిత కాలాలలో అవగాహన కార్యక్రమాలు, కమిటీ సభ్యులకు ప్రత్యేక శిక్షణ ఏర్పాటు చేయడం చట్టంలోని 19వ సెక్షన్ యజమానిపై మోపిన విధి. కమిటీ వేయని యజమానికి 50,000 రూపాయల వరకు జరిమానా. తప్పు మళ్ళీ చేస్తే జరిమానా రెట్టింపు, లైసెన్సుకే ఎసరు.

వికలాంగుల విషయంలో 2016 చట్టం, 2017 నియమాలు ఉన్నాయి. ఇరవైమంది లేక అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ సమాన అవకాశాల విధానాన్ని వ్రాతపూర్వకంగా ప్రకటించాలి, ఒక లయజాన్ అధికారిని నియమించాలి, ఆ విధానాన్ని కమిషనరు వద్ద నమోదు చేయించాలి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులపై ఉద్యోగంలో వివక్షను 2019 చట్టం నిషేధించింది. 2024 డిసెంబరులో హైదరాబాదు ట్రాఫిక్ విభాగంలో 39 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు సహాయకులుగా శిక్షణ పొంది విధుల్లో చేరారు. సిగ్నల్ దగ్గర వాహనాలు ఆపడం వారు నేర్చుకున్నారు. వారి ప్రక్కన నిలబడే పాత సిబ్బంది నేర్చుకోవలసింది ఇంకొకటి ఉన్నది, నిజానికి ఈ వ్యాసవిషయం ఆ రెండవ పాఠమే.

ఇక మతం సంగతి. రాజ్యాంగం 16వ అధికరణం మతం కారణంగా ఉద్యోగంలో వివక్షను నిషేధిస్తుంది, కాని ప్రభుత్వ ఉద్యోగాలలో మాత్రమే. 15వ అధికరణం రెండవ భాగం ప్రకారం మతం కారణంగా ఎవరినీ దుకాణంలోకి, హోటల్లోకి రాకుండా అడ్డగించరాదు. అనగా దిల్‌సుఖ్‌నగర్ షోరూములో చీర కొనడానికి వచ్చిన ముస్లిం స్త్రీని గుమ్మంలో ఆపడానికి వీల్లేదు. అదే స్త్రీ అదే షోరూములో సేల్స్ ఉద్యోగానికి దరఖాస్తు పెడితే, మతం చూసి త్రోసిపుచ్చిన యజమానిని సూటిగా నిలదీసే కేంద్ర చట్టం లేదు. అంటరానితనం కారణంగా ఉద్యోగాన్ని అడ్డుకోవడాన్ని 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం నేరంగా ప్రకటించింది. మతానికి సంబంధించి ప్రైవేటు ఉద్యోగాలలో అటువంటి రక్షణ ఏర్పడలేదు. జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006 నవంబరులో ఇచ్చిన నివేదికలో సమాన అవకాశాల కమిషన్ కావాలని, సంస్థలలోని వైవిధ్యాన్ని కొలిచే సూచిక కావాలని సిఫారసు చేసింది. 2008లో కమిషన్‌పై మాధవ మీనన్ గారి బృందం, సూచికపై అమితాబ్ కుందూ గారి బృందం నివేదికలు ఇచ్చాయి. చట్టం మాత్రం కాలేదు. మన రాష్ట్రంలో 2007లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు వచ్చిన 4 శాతం రిజర్వేషన్ గాని, 2016లో సుధీర్ కమిషన్ నివేదిక వచ్చిన తరువాత 2017 ఏప్రిల్‌లో శాసనసభ ఆమోదించిన, అమలుకు నోచుకోని 12 శాతం బిల్లు గాని చదువులకు, ప్రభుత్వ కొలువులకు సంబంధించినవే. రహదారి ప్రక్క షోరూముకు అవి వర్తించవు.

ఈ లోటు ఎంతటిదో ఒక పరిశోధన చూపింది. సుఖదేవ్ థోరాట్, పాల్ అట్వెల్ 2005 చివరి నుండి ఏడాదికి పైగా పత్రికలలో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే స్థాయి అర్హతలతో దరఖాస్తులు పంపించారు. పేరు మాత్రం మారుతుంది. ఒకటి అగ్రవర్ణ హిందువు పేరు, ఒకటి దళితుని పేరు, ఒకటి ముస్లిం పేరు. 2007లో వెలువడిన ఫలితం ప్రకారం, అగ్రవర్ణ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు సుమారు మూడింట ఒక వంతు. ఇంటర్వ్యూ లేదు, ముఖం చూసింది లేదు, మాట విన్నది లేదు. కాగితం మీది పేరు దగ్గరే వ్యవహారం ముగిసిపోయింది.

అటువంటి చోట ‘తోటివారిని గౌరవించండి’ అన్న ఉపన్యాసం వల్ల ఏమి ప్రయోజనం? గౌరవించవలసిన ఆ తోటివాడు అసలు లోపలికే రాలేదు కదా! పైగా మన వీధులలో ఉద్యోగాల భర్తీ ప్రకటనలతో జరిగేది తక్కువ. ‘మనవాళ్ళలో ఎవరైనా ఉంటే చెప్పు’ అని పాత పనివానితో అంటారు, అతడు తన ఊరివాణ్ణి, తన కులంవాణ్ణి తెస్తాడు. దీనిలో ద్వేషం ఉండనక్కరలేదు. ఫలితం మాత్రం ద్వేషం ఉన్నప్పటిలాగే ఉంటుంది. దీనికి అనుమానం తోడైతే పరిస్థితి మరీ కష్టం. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగిన పిమ్మట నిర్బంధించబడి, నిర్దోషులుగా తేలిన ముస్లిం యువకులకు ఆనాటి రాష్ట్ర ప్రభుత్వం నష్టపరిహారంతోపాటు సత్ప్రవర్తన పత్రాలు కూడా ఇవ్వవలసివచ్చింది. కోర్టు విడిచిపెట్టినా పని ఇచ్చేవాడు నమ్మడానికి ఇంకొక కాగితం అవసరమైందన్నమాట. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లోనే జంట పేలుళ్ళు జరిగాయి. ఆ గాయపు జ్ఞాపకం మోస్తున్న వీధిలో, ఎవరో చేసిన నేరాన్ని పేరును బట్టి ఇంకెవరికో అంటగట్టకుండా ఉండడం యజమాని ప్రయత్నపూర్వకంగా అలవరచుకోవలసిన గుణం.

కాబట్టి శిక్షణ మొదట యజమానికి, తరువాతే గుమాస్తాకు. యజమానికి చెప్పవలసినవి నీతులు కావు, పనులు. ఖాళీ ఉన్నట్లు నలుగురికీ తెలిసేలా గోడమీదనైనా ప్రకటించడం. ఆ పనికి ఏమి కావాలో, దరఖాస్తులు తెరవకముందే కాగితం మీద వ్రాసుకోవడం. లేకపోతే మనిషిని చూశాక అర్హతలు మారిపోతాయి. మొదటి వడపోతలో పేరు, తండ్రి పేరు, చిరునామా చూడకుండా ఒకరిచేత దాపించడం. వచ్చినవారినందరినీ అవే ప్రశ్నలు అడగడం. పెళ్ళెప్పుడు, పిల్లలెప్పుడు, బురఖా తీస్తావా అన్నవి ఆ ప్రశ్నలలో ఉండకూడదు. ఎవరిని ఎందుకు వదిలామో ఒక వాక్యం వ్రాసి ఉంచడం. ఇందులో ఏదీ ఖర్చుతో కూడినది కాదు. బిల్లు పుస్తకం నడిపేవాడు ఇదీ నడపగలడు.

లోపలికి వచ్చిన తరువాతి సంగతులలో నమాజు వేళ ఒకటి. జుహర్ చాలావరకు భోజన విరామంలోనే ఇముడుతుంది. చిక్కు శుక్రవారం జుమాది, రంజాన్ సాయంత్రాలది. రంజాన్‌లో ముస్లిం ఉద్యోగులు సాయంత్రం 4 గంటలకే వెళ్ళడానికి తెలంగాణ ప్రభుత్వం 2025లో కూడా అనుమతి ఇచ్చింది. అది ప్రభుత్వ కార్యాలయాలకు పరిమితం. షోరూములో సాయంత్రమే బేరాల వేళ. అక్కడ మేనేజరు దయతో ఒకరోజు పంపి మరొకరోజు కసురుకోవడం కంటే, ఇఫ్తార్‌కు ఇరవై నిమిషాలు, దానికి బదులు ఉదయం ఇరవై నిమిషాలు అని ముందే ఒప్పందం వ్రాసుకోవడం ఇద్దరికీ మర్యాద. అదే ఒప్పందం అయ్యప్ప దీక్షలో ఉన్నవానికి, పాలుతాగే బిడ్డ ఉన్న తల్లికి కూడా వర్తించినప్పుడే అది నియమమవుతుంది. ఒక్కరికే ఇస్తే మిగతావారి కళ్ళలో అది బుజ్జగింపుగా మారుతుంది.

ముస్లిం యజమానులు తమకిది వర్తించదనుకోవడం పొరపాటు. తన దుకాణంలో అందరూ ఒకే మొహల్లా కుర్రవాళ్ళయి, దళితుడు గాని, స్త్రీ గాని, వికలాంగుడు గాని లేని సేఠ్‌కు థోరాట్ లెక్కలు చూపి ఫిర్యాదు చేసే నైతికబలం ఎక్కడిది? ప్రవక్త సహచరుడైన అబూజర్ ఒకరిని తల్లి పేరెత్తి ఎత్తిపొడిచినప్పుడు, అతనిలో ఇంకా అజ్ఞానకాలపు గుణం మిగిలి ఉన్నదని ప్రవక్త మందలించిన ఉదంతం బుఖారీ సంకలనంలో ఉన్నది. వెంటనే చెప్పబడింది సేవకులకు తిండి, బట్ట, పని భారం విషయంలో యజమాని బాధ్యతలే. ఎత్తిపొడుపు మాటకూ పని షరతులకూ ఉన్న సంబంధాన్ని ఆ ఉదంతం ఒకేచోట చూపుతుంది.

ఎల్‌బీ నగర్ వైపు ఈ ప్రశ్న మరొక రూపంలో ఎదురవుతున్నది. కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను 2021లో అక్కడినుండి తరలించి బాటసింగారానికి పంపారు. ఏజెంట్లు, హమాలీలు, బండ్లవారు తరతరాల పరిచయాల మీద బ్రతికిన చోటు అది. ఆ స్థలంలో వేయి పడకల ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. అంత పెద్ద ఆసుపత్రికి డాక్టర్లు, నర్సులే కాక వార్డు బాయ్‌లు, కాపలాదార్లు, ఊడ్చేవారు వందలలో కావాలి. రెగ్యులర్ పోస్టులకు రోస్టరు ఉంటుంది. ఏజెన్సీ ద్వారా వచ్చే పనులలో మనిషిని ఎన్నుకునేది ఏజెన్సీ సూపర్‌వైజరు. శిక్షణ అందరికంటే ముందు అందవలసింది ఆ సూపర్‌వైజరుకే, కాని సాధారణంగా శిక్షణ సమావేశాలకు పిలుపు రానిది కూడా అతనికే.

చివరగా, పదిమంది కూడా లేని దుకాణాల సంగతి. ఈ రహదారి మీద అటువంటివి కొల్లలు. అక్కడ పనిచేసే అమ్మాయికి అంతర్గత కమిటీ ఉండదు. యజమానే వేధించినప్పుడు పెద్ద దుకాణంలో కూడా కమిటీ పనికిరాదు. ఈ రెండు సందర్భాలకూ చట్టం జిల్లా స్థాయిలో స్థానిక కమిటీని ఏర్పరచింది. సంఘటన జరిగిన మూడు నెలలలోగా ఫిర్యాదు వ్రాసి ఇవ్వాలి. వ్రాయలేకపోతే వ్రాయడానికి సాయం చేయడం కమిటీ విధి. విచారణ 90 రోజులలో ముగియాలి. ఈ ఏర్పాట్లు చాలా జిల్లాలలో కాగితాలకే పరిమితమైనందున సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 3న జిల్లా అధికారులను, స్థానిక కమిటీలను నియమించడానికి గడువులు విధించింది. ఎల్‌బీ నగర్ రంగారెడ్డి జిల్లాలోనిది. ఆ జిల్లా కలెక్టరేటు 2022 నుండి కొంగర కలాన్‌లో ఉన్నది. దినసరి జీతం పోగొట్టుకుని రెండు బస్సులు మారి అంతదూరం వెళ్ళనక్కరలేదు. పట్టణాలలో వార్డు లేక మునిసిపాలిటీ స్థాయిలో ఒక నోడల్ అధికారిని నియమించాలని, అతడు ఫిర్యాదు తీసుకుని ఏడు రోజులలో స్థానిక కమిటీకి పంపాలని చట్టమే చెబుతున్నది. ఆ అధికారి పేరు, ఫోను నంబరు బిల్లు కౌంటరు ప్రక్కన, పనివారి కంటబడే చోట, తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాసి అతికించడానికి ఒక తెల్ల కాగితం చాలు.