సిగ్నల్ లేదా? వైఫై ఉందిగా!

హాస్టల్ గదిలో వైఫై ఫుల్లు. టవర్ గీత మాత్రం ఒక్కటే, అదీ ఉంటే ఉంది, లేకపోతే లేదు. రీల్స్ ఆగకుండా వస్తుంటాయి. ఊళ్లో అమ్మ ఫోన్ చేస్తే మాత్రం 'అందుబాటులో లేరు' అని వినిపిస్తుంది. అమ్మది బటన్ల ఫోన్, వాట్సాప్ కాల్ కుదరదు. పదిసార్లు ట్రై చేసి, ఏమైందోనని రాత్రంతా కంగారు పడుతుంది.

దీనికి మందు మీ ఫోన్‌లోనే ఉంది. అదే వైఫై కాలింగ్.

మాట ముక్కలై వెళ్తుంది

పాత 2జీ కాల్‌లో మాట్లాడినంతసేపూ ఒక దారిని మీకోసమే పట్టి ఉంచేవారు. 4జీలో ఆ ఏర్పాటే లేదు, అంతా డేటానే. అందుకే మాటని కూడా డేటాగా పంపే వోల్టీ వచ్చింది. 2016 సెప్టెంబర్‌లో మొదలైన జియోకి 2జీ, 3జీ లేనే లేవు. దాని కాల్స్ మొదలైందే వోల్టీతో.

మీరు నంబర్ నొక్కగానే ఫోన్ 'ఇన్వైట్' అనే మెసేజ్ పంపుతుంది. అవతల మోగితే 'రింగింగ్' అని, ఎత్తితే 'ఓకే' అని జవాబు వస్తుంది. ఈ సంభాషణ నడిపే పద్ధతి పేరు సిప్. గొంతుని ఎలా కుదించి పంపాలన్నది కూడా ఈలోపే తేలిపోతుంది. ఇక మీ మాట సెకనుకి 50 ముక్కలై బయల్దేరుతుంది. ఒక్కో ముక్కలో ఉండేది 20 మిల్లీసెకన్ల గొంతు!

వైఫై కాలింగ్‌లోనూ జరిగేది ఇదే. కాకపోతే టవర్‌కి బదులు మీ వైఫై మీదుగా ఆపరేటర్ దాకా ఫోన్ ఒక రహస్య సొరంగం వేసుకుంటుంది. నంబర్ మీదే, యాప్ అక్కర్లేదు. అమ్మ మామూలుగా డయల్ చేస్తే చాలు. మన దగ్గర ఎయిర్‌టెల్ 2019 డిసెంబర్‌లో, జియో 2020 జనవరిలో దీన్ని తెచ్చాయి.

ఇలా ఆన్ చేయండి

సెట్టింగ్స్‌లో 'వైఫై కాలింగ్' అని వెతికి ఆన్ చేయండి. వోల్టీ కూడా ఆన్‌లోనే ఉండాలి. రెండు సిమ్‌లుంటే దేనికది విడిగా చేయాలి. తర్వాత ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై ఒక్కటే ఆన్ చేసి ఒక కాల్ కొట్టండి. వెళ్లిందంటే పని అయిపోయినట్టే.

వెళ్లలేదా? హాస్టల్, ఆఫీస్ వైఫైల్లో యూడీపీ 500, 4500 పోర్టులు మూసి ఉంటే ఆ సొరంగం పడదు. వైఫై చూసేవాళ్లకి ఈ రెండు నంబర్లూ చెప్పండి. మాట తెగుతుంటే పక్కోళ్ల సినిమా డౌన్‌లోడ్ కూడా కారణం కావచ్చు. మాట చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటితే ఒకరి మీద ఒకరు మాట్లాడేసుకోవడం మొదలవుతుంది.

ఒక్కటి మర్చిపోకండి. కరెంటు పోతే రౌటర్ పోతుంది, దాంతో కాల్ కూడా! వైఫై కాల్‌లో మీరెక్కడున్నారో కచ్చితంగా తెలియకపోవచ్చు. అందుకే 112కి చేయాల్సి వస్తే, వీలుంటే సిగ్నల్ ఉన్నచోటికి రండి. లేదంటే ముందు అడ్రస్ చెప్పండి.

అన్నీ సెట్ అయ్యాయా? అయితే ఈ రాత్రి అమ్మ చేసేదాకా ఆగకండి, మీరే చేయండి.