సేనల లెక్క: సెక్షను మొదలు స్క్వాడ్రను వరకు

“సరిహద్దుకు రెండు పటాలములు తరలినవి” అని పత్రికలో చదువుదుము. రెండు పటాలములనగా ఎందరు మనుష్యులు? రెండు వందలా, రెండు వేలా, ఇరువది వేలా? చరిత్ర పాఠములో రెజిమెంటు, బ్రిగేడు, డివిజను అను మాటలు వచ్చినపుడును ఇదే చిక్కు. ఈ మాటల వెనుకనున్న సంఖ్య తెలియనిదే యుద్ధవార్త గాని, యుద్ధచరిత్ర గాని సరిగా బోధపడదు.

‘పటాలము’ అనునది చూచుటకు అచ్చ తెలుగు మాటవలె నున్నను, ‘బెటాలియన్’ అను ఐరోపా పదమే మన నాలుకపై అట్లు మారినది. అశ్వదళమునకు ‘రిసాలా’ అను పేరు హైదరాబాదు రాజ్యములో వాడుకలో నుండెను. నగరములోని రిసాలాబజారు ఆ పేరునే నిలుపుకొన్నది. ఆసఫ్‌జాహీల పేరును ధరించిన ఆసిఫాబాదు వంటి పట్టణములలో చదువుకొను విద్యార్థులకు, ఈ విషయమును తెలిసికొనుటకు తమ రాజ్యచరిత్రయే చక్కని ఉదాహరణల నిచ్చును.

పదిమందితో ఆరంభము

కాల్బలములో అన్నిటికంటె చిన్న భాగము సెక్షను. ఇందు సుమారు 10 మంది ఉందురు. మూడు సెక్షనులు ఒక ప్లాటూను. ఇందు 30 మందికి పైగా ఉందురు. మూడు ప్లాటూనులు ఒక కంపెనీ. సుమారు 120 మంది. నాలుగు కంపెనీలకు మరికొన్ని సహాయక భాగములు చేరిన బెటాలియన్, అనగా పటాలము, అగును. ఇందు దాదాపు 800 మంది. మూడు బెటాలియన్లు ఒక బ్రిగేడు. సుమారు 3,000 మంది. మూడు బ్రిగేడులు ఒక డివిజను. సుమారు 15,000 మంది. డివిజనులు కొన్ని కలిసిన కోర్, కోర్లు కొన్ని కలిసిన కమాండు. తెలంగాణము పూణే కేంద్రముగా గల దక్షిణ కమాండు పరిధిలో నున్నది.

ఎన్.సి.సి. శిక్షణ పొందిన విద్యార్థులకు వీనిలో మొదటి మూడు పేర్లు పరిచితములే.

మెట్టు మెట్టుకును ‘మూడు’ ఏల వచ్చుచున్నది? తుపాకుల మ్రోతలో, పొగలో, ఒక నాయకుడు చక్కగా నడపగలిగినది మూడు నాలుగు భాగములను మాత్రమే. అంతేకాదు, రెండు భాగములు ముందు పోరాడుచుండగా మూడవదానిని వెనుక నిలిపి, అవసరమైన చోటికి పంపవచ్చును.

లెక్కకు మిగిలినవారు

ఇపుడు చిన్న గుణకారము చేయుదము. నాలుగు కంపెనీలు, కంపెనీకి 120 మంది; మొత్తము 480. కాని పటాలములో 800 మంది కలరంటిమి. తక్కిన 320 మంది ఎవరు? మోర్టారులు ప్రయోగించువారు, వార్తలు చేరవేయువారు, వాహనములు నడుపువారు, గాయపడినవారిని మోయువారు, వంటవారు. అట్లే మూడు బ్రిగేడులకు 9,000 మంది కాగా, డివిజనులో మరి 6,000 మంది అధికముగా ఉందురు. ఫిరంగి దళము, వంతెనలు కట్టు ఇంజనీర్లు, వైద్యులు, సరఫరా చేయువారు ఇందులోనివారే. ఈ ‘మిగిలినవారు’ లేనిచో ముందున్నవారు కొన్ని దినములకంటె నిలువలేరు.

సేన నడకయు లెక్కకు లోబడినదే. ఒక వేయి వాహనములు, ఒక్కొక్క వాహనమునకు 50 మీటర్ల ఎడముతో, ఆసిఫాబాదు నుండి బయలుదేరిన వనుకొనుడు. మొదటి వాహనము మంచిర్యాల త్రోవలో 50 కిలోమీటర్లు పోయిన పిమ్మట గాని కడపటిది కదలదు. అందుచేతనే పెద్ద సేనలు ఒకే బాటను నమ్ముకొనక పలు మార్గముల నడచును.

1948 సెప్టెంబరు 13న భారతసేన హైదరాబాదు రాజ్యములో ప్రవేశించినపుడు ప్రధాన భాగము షోలాపూరు వైపు నుండియు, మరియొక భాగము విజయవాడ వైపు నుండియు వచ్చెను. 17వ తేదీనాటికి పోరు ముగిసెను. రజాకారులు రెండు లక్షలమంది యని ఆ దినములలో చెప్పుకొనిరి. అయినను పరికరములు, వార్తా సంబంధములు, సరఫరా లేని గుంపు, సంఖ్య ఎంతదైనను, డివిజను కాజాలదు. ఓటమికి ఇదియే ఏకైక కారణము కాకున్నను ముఖ్య కారణములలో ఒకటి. ఆ కాలమున ఆయుధము పట్టని ప్రజలెందరో ప్రాణములు కోల్పోయిరన్నదియు మరువరాదు.

ఒకే పేరు, వేరు వేరు అర్థములు

‘రెజిమెంటు’ అను మాట మిక్కిలి తికమక పెట్టును. ట్యాంకు దళములో ఇది పటాలమునకు సరియైన భాగము. మన దేశమున ఒక్కొక్క ట్యాంకు రెజిమెంటులో 14 ట్యాంకులు గల స్క్వాడ్రనులు మూడును, కేంద్రమున మరి మూడు ట్యాంకులును కలిసి 45 ఉండును. ఫిరంగి రెజిమెంటులో ఆరేసి ఫిరంగులు గల బ్యాటరీలు మూడు. మొత్తము 18 ఫిరంగులు.

కాల్బలములో మాత్రము రెజిమెంటు పెక్కు పటాలములకు ఇంటిపేరు వంటిది. అవి వేరు వేరు చోట్ల, వేరు వేరు బ్రిగేడులలో ఉండవచ్చును. ‘19వ హైదరాబాదు రెజిమెంటు’ అట్టిదే. కాలక్రమమున అందు కుమావూ ప్రాంతమువారు ఎక్కువగుటచే 1945లో దానికి కుమావూ రెజిమెంటని పేరు మార్చిరి. 1947 నవంబరు 3న కాశ్మీరములోని బడ్గాములో వీరమరణము నొంది, తొలి పరమవీర చక్రమునకు పాత్రుడైన మేజరు సోమనాథ్ శర్మ ఈ రెజిమెంటు 4వ పటాలములో ‘డి’ కంపెనీకి నాయకుడు.

ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకమున మూడు విగ్రహములు కలవు. అవి మొదటి ప్రపంచ యుద్ధమున 15వ ఇంపీరియల్ సర్వీస్ అశ్వ బ్రిగేడులో పోరాడిన హైదరాబాదు, మైసూరు, జోధపూరు రిసాలాలకు గుర్తులు. మూడు రెజిమెంట్లు ఒక బ్రిగేడు అను సూత్రమును శిలాఫలకమువలె చూపు స్మారకమిది.

ఆకాశమున

వైమానిక దళములో లెక్క మనుష్యులతో గాక విమానములతో సాగును. విమానములు కొన్ని ఒక ఫ్లయిటు; ఫ్లయిట్లు కలిసి స్క్వాడ్రను; స్క్వాడ్రనులు కలిసి వింగు. నేటి మన యుద్ధవిమాన స్క్వాడ్రనులో సాధారణముగా 16 నుండి 18 విమానములుండును. భారత వైమానిక దళపు 1వ స్క్వాడ్రను 1933 ఏప్రిల్ 1న కరాచీలో నాలుగే వాపిటీ విమానములతో, అనగా ఒక్క ఫ్లయిటుతో, ఆరంభమైనది.

బ్రిటిష్ వైమానిక దళములోను హైదరాబాదు పేరు కలదు. నిజాము ఇచ్చిన ధనముతో సమకూర్చిన విమానములతో 110వ స్క్వాడ్రను 1918లో ఫ్రాన్సుకు వెళ్లెను. 1939లో తిరిగి ఏర్పడిన 152వ స్క్వాడ్రను ‘హైదరాబాదు’ పేరుతో 1940లో స్పిట్‌ఫయిరు విమానములపై బ్రిటనును రక్షించుచు పోరాడెను. అప్పటి యుద్ధవిమాన స్క్వాడ్రను రెండు ఫ్లయిట్లుగా, ఫ్లయిటునకు మూడేసి విమానముల సెక్షనులు రెండుగా, మొత్తము పండ్రెండు విమానములతో ఎగురుచుండెడిది. పేరు మనదైనంత మాత్రమున నడుపువారు మనవారు కారు. పేరు ధనదాతను తెలుపును. సంఖ్యను గాని, మనుష్యులను గాని తెలుపదు.

కావున సేనావార్త చదువునపుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను: ఇది ఏ శాఖకు చెందినది? ఇందలి ఉపభాగములెన్ని? వెంటనున్న సహాయకులెవరు? స్క్వాడ్రను అనగా భూమిపై 14 ట్యాంకులు, ఆకాశమున 18 విమానములు. రెండు పటాలములనగా 1,600 మంది. అనగా 1,600 కుటుంబముల నుండి వెళ్లినవారు.