గాజుతొట్టెలో ఎర్రరొయ్యలు

కువైట్ నదులు లేని దేశం. ఒకనాడు ఇక్కడికి తాగునీరు షత్తుల్ అరబ్ నుండి పడవలలో వచ్చేది. 1953లో షువైఖ్‌లో ప్రభుత్వ నిర్లవణీకరణ కేంద్రం ప్రారంభమైన నాటినుండి సముద్రమే పట్టణానికి మంచినీటి చెరువైంది. అటువంటి చోట అపార్ట్‌మెంటు గదిలో మంచినీటి రొయ్యలను పెంచడం వింతగా తోచవచ్చు. నీటి స్వభావం ఎరిగినవారికి మాత్రం అది సులభసాధ్యమే.

నెల్లూరు, భీమవరం ప్రాంతాలవారికి రొయ్య అనగానే చెరువులు, మేత, ఎగుమతి స్ఫురిస్తాయి. అలంకారం కొరకు పెంచే 'చెర్రీ రొయ్య' వేరు. దీని శాస్త్రీయ నామం నియోకారిడినా డేవిడి. తూర్పు ఆసియాలోని వాగులు దీని పుట్టిల్లు. పొడవు సుమారు మూడు సెంటీమీటర్లు. ఆయుర్దాయం ఒకటి, రెండేళ్లు. సహజంగా గోధుమవన్నె గల ఈ జీవికి ఎరుపు రంగు పెంపకందారుల ఎంపిక వలన సంక్రమించింది. తొట్టెలోని నాచే దీని ప్రధానాహారం. తల్లి తన గుడ్లను పొట్టకింద మూడు, నాలుగు వారాలు మోస్తుంది. పిల్లలు పెద్దవాటి రూపంలోనే పుడతాయి.

నీరే ప్రాణం

కొత్త తొట్టెలో వెంటనే రొయ్యలను వదలరాదు. వ్యర్థాలనుండి వెలువడే అమోనియాను ముందు నైట్రైటుగా, పిమ్మట నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు వృద్ధి చెందడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. కుళాయి నీటిలోని క్లోరిన్‌ను విరిచే ద్రావణం కలపడం కూడా తప్పనిసరి.

రొయ్య పెరగాలంటే పాత పెంకును విడిచి కొత్తదానిని ధరించాలి. ఆ కొత్త పెంకు గట్టిపడడానికి కాల్షియం అవసరం. సముద్రజలాన్ని బట్టీపట్టగా వచ్చిన నీటిలో లవణాలు దాదాపు ఉండవు. అందువలన సరఫరాకు ముందు కొంత భూగర్భజలాన్ని అందులో కలుపుతారు. కనుక ఇంటి నీటి కాఠిన్యాన్ని పరీక్షించి, తక్కువైతే ఖనిజలవణాలు చేర్చాలి. తొట్టెలో ఆవిరయ్యేది శుద్ధజలమే, లవణాలు మిగిలిపోతాయి. ఆ లోటును లవణాలు లేని నీటితోనే పూరించాలి.

రొయ్య రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థంలో రాగి ఉంటుంది. అయినా నీటిలో రాగి కొంచెం మితిమీరినా అదే విషం. రాగి గల చేపల మందులు పనికిరావు. బొద్దింకల మందు ఇంకా ప్రమాదకరం. రొయ్య, బొద్దింక రెండూ కీళ్లకాళ్ల జీవులే కదా!

వేసవి పరీక్ష

ఈ రొయ్యలకు 20 నుండి 26 డిగ్రీల ఉష్ణోగ్రత హితకరం. 20 డిగ్రీలవద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగగలదు. 30 డిగ్రీలవద్ద అది 7.5కు తగ్గుతుంది. జూలైలో మేడమీది ట్యాంకు కాగి, చన్నీళ్ల కుళాయినుండి సైతం వేడినీరే వస్తుంది. దానిని బకెట్టులో పట్టి, గదిలో చల్లారనిచ్చి వాడాలి.

అసలు పరీక్ష సెలవులలో వస్తుంది. కుటుంబం స్వదేశానికి బయలుదేరుతూ ఏసీ ఆపి తలుపు తాళం వేస్తే, మూసిన గదిలోని వేడికి తొట్టె అంతా నశించవచ్చు. ఆకలిని ఈ జీవులు నాచుతో కొన్నాళ్లు తీర్చుకోగలవు. వేడినుండి మాత్రం తప్పించుకోలేవు. కాబట్టి ప్రయాణానికి ముందే ఏసీ నడిచే పొరుగింటికి వాటిని చేర్చాలి. విమానం టికెట్టు కొన్ననాడే ఆ ఏర్పాటు కూడా చేసుకోవడం ఉత్తమం.