గేమ్ ఆడుతుంటే పీసీ ఠక్కున ఆఫ్ అవుతోందా? పార్ట్ మార్చే ముందు ఇవి చెక్ చేయండి

బ్రౌజింగ్ చేస్తే ఏమీ కాదు, సినిమా చూసినా ఏమీ కాదు. గేమ్ మొదలుపెట్టిన పది నిమిషాలకు మాత్రం పీసీ ఠక్కున ఆఫ్! షాప్‌కి తీసుకెళ్తే "గ్రాఫిక్స్ కార్డ్ పోయింది" అనేస్తారు. వేలకు వేలు పోసి కార్డ్ మార్చాక కూడా సమస్య అలాగే ఉంటే? అందుకే ఇంట్లోనే చేసుకోగలిగే పరీక్షలు, నేను ఫాలో అయ్యే వరుసలోనే చెప్తున్నాను.

గేమ్‌లోనే ఎందుకు?

గేమ్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ రెండూ ఒకేసారి గట్టిగా పనిచేస్తాయి. కరెంట్ ఎక్కువ లాగుతాయి, వేడి కూడా ఎక్కువే. కాబట్టి మొదట అనుమానించాల్సినవి ఈ రెండే: పవర్, వేడి.

1. యూపీఎస్

పీసీతో పాటు మానిటర్ లైట్ కూడా ఆరిపోయిందా? రెండూ ఒకే యూపీఎస్ మీద ఉంటే అనుమానం దాని మీదే. మానిటర్ "నో సిగ్నల్" అని చూపిస్తుంటే సమస్య క్యాబినెట్ లోపల ఉన్నట్టు.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది 600 వీఏ యూపీఎస్. 600 అంటే 600 వాట్లు కాదండీ, చాలా మోడల్స్ ఇచ్చేది 360 వాట్లే. ఆర్‌టీఎక్స్ 3060 లాంటి కార్డ్ ఒక్కటే 170 వాట్ల వరకు తీసుకుంటుంది. ప్రాసెసర్, మానిటర్ కూడా కలిస్తే పెద్దగా మిగలదు. ఆ టైంలో కరెంట్ ఒక్క క్షణం పోయి బ్యాటరీ మీదకి మారితే, పాత బ్యాటరీ ఆ లోడ్ మోయలేదు. మా బాబాయ్ కొడుకు పీసీలో జరిగింది ఇదే. యూపీఎస్ తీసేసి ఎర్తింగ్ ఉన్న వాల్ సాకెట్‌కి పెట్టాం. రెండు గంటలు ఆడినా ఆగలేదు. కార్డ్ కొనే ఖర్చు తప్పింది.

2. ఈవెంట్ వ్యూయర్

విండోస్‌లో సిస్టమ్ లాగ్ తెరిస్తే కెర్నల్-పవర్ 41 కనిపిస్తుంది. సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే దాని అర్థం, కారణం చెప్పదు. డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ 0 ఉంటే విండోస్‌కి ఎర్రర్ రాసుకునే టైం కూడా దొరకలేదన్నమాట. సాధారణంగా పవర్ లేదా వేడి వైపు వెళ్లాలి. వేరే నంబర్ ఉంటే డ్రైవర్లు, ర్యామ్ చూడాలి.

3. వేడి

హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో లాగింగ్ ఆన్ చేసి గేమ్ ఆడండి. పీసీ ఆగిపోయినా చివరి రీడింగ్స్ ఫైల్‌లో ఉంటాయి. ఇప్పటి ప్రాసెసర్లు చాలావరకు 95-100 డిగ్రీల దగ్గర ముందు స్పీడ్ తగ్గించుకుంటాయి, అప్పటికీ వేడి తగ్గకపోతేనే ఆఫ్ అవుతాయి. అంటే గేమ్ ముందు ల్యాగ్ అవ్వాలి. 70 డిగ్రీల దగ్గర ల్యాగ్ లేకుండా ఆగిపోతే వేడి మీద అనుమానం తగ్గించుకోవచ్చు. 95 దాటుతుంటే ఫ్యాన్లు, దుమ్ము, థర్మల్ పేస్ట్ చూడండి.

4. ఎస్‌ఎంపీఎస్

ఆఫ్ అయ్యాక, వెనక స్విచ్ ఆపి మళ్లీ వేస్తే తప్ప పీసీ ఆన్ అవ్వట్లేదా? ఎస్‌ఎంపీఎస్ ప్రొటెక్షన్ ట్రిప్ అయిందనడానికి అదొక గుర్తు. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ 70 శాతానికి తగ్గించి ఆడండి. సమస్య ఆగిపోతే అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీద బలపడుతుంది. కార్డ్‌కి రెండు పవర్ సాకెట్లు ఉంటే రెండు వేర్వేరు కేబుల్స్ ఇవ్వండి. ఎస్‌ఎంపీఎస్‌ని మాత్రం విప్పకండి. ప్లగ్ పీకినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజ్ ఉండొచ్చు.

5. చివరగా ర్యామ్

బయోస్‌లో ఎక్స్‌ఎంపీ, ఓవర్‌క్లాకింగ్ ఆపేసి ఒకసారి చూడండి.

ఒక్కోసారి ఒక్కటే మార్చండి. అన్నీ కలిపి మార్చేస్తే దేనివల్ల బాగైందో తెలియదు. ఏం చేస్తే ఏమైందో రాసుకుని, ఆ కాగితం పట్టుకుని షాప్‌కి వెళ్లండి. అప్పుడు ఊరికే "కార్డ్ పోయింది" అనరు.