చిన్న బోల్టు... పెద్ద చేటు
తొందరపడితే ఇంజినుకే ఎసరు

ఆత్మకూరు: ఎండలు ముదిరితే మెట్టలో మనుషులకే కాదు, బండ్లకూ దాహమే. ఉదయగిరి నుంచి రోగిని ఎక్కించుకున్న బాడుగ కారు నెల్లూరు ఆసుపత్రికి చేరాలంటే దాదాపు వంద కిలోమీటర్లు పోవాలి. నడిదారిలో బానెట్ కింద నుంచి ఆవిరి లేచిందంటే లోపలి మనిషి ప్రాణానికే ముప్పు. బాడుగ మీద బతికే డ్రైవరుకు ఆ పూట సంపాదనా పోతుంది, పైన రిపేరు ఖర్చు. అసలు కారణం వెదికితే చాలాసార్లు బయటపడేది బొటనవేలంత గొట్టం ముక్క, దాన్ని పట్టి ఉంచే బోల్టు.

ఇంజినులో పుట్టిన వేడిని కూలెంట్ మోసుకుపోయి రేడియేటర్‌లో వదిలి వస్తుంది. మామూలుగా అది తొంభై డిగ్రీల దగ్గర తిరుగుతుంటుంది. మూత గట్టిగా ఉండి లోపల ఒత్తిడి నిలిస్తేనే వంద డిగ్రీలు దాటినా మరగదు. ఎక్కడ చెమ్మ కారినా ఆ ఒత్తిడి పోతుంది. అలాగే నడిపితే హెడ్డు వంగుతుంది, గాస్కెట్ కాలుతుంది. వందల్లో తేలే పని వేలకు ఎక్కుతుంది.

బోరు నీళ్లతో తంటా

కారిన చోట చూసుకోకుండా దారిలో కనబడిన బోరు నీళ్లు పోయడం చాలామందికి అలవాటు. మెట్ట బోర్లలో ఉప్పు నీళ్లు ఎక్కువ. ఆ ఉప్పు గొట్టాల్లో పొరలు కట్టి దారి మూస్తుంది. అల్యూమినియంలో బిగించిన ఉక్కు బోల్టు చుట్టూ తెల్లటి పిండిలా తుప్పు పట్టి, బోల్టు అతుక్కుపోతుంది. దాన్ని అరిగిన స్పానర్‌తో బలంగా తిప్పితే తల పలకలు గుండ్రమవుతాయి. ఇంకా బలం పెడితే తల తెగి, కాడ లోపలే ఉండిపోతుంది.

వెనకటి అంబాసిడర్ కారు ఇంజిను బ్లాకు, హెడ్డు పోత ఇనుముతో చేసినవి. మొరటు చెయ్యి పడినా ఓర్చుకునేవి. 2014లో ఆ కారు తయారీ ఆగిపోయింది. ఇప్పటి చిన్న కార్లలో హెడ్డు అల్యూమినియం, కూలెంట్ గొట్టాల కీళ్లు చాలావరకు ప్లాస్టిక్. ఏళ్ల తరబడి వేడికి ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి, లాగితే పుటుక్కున విరుగుతుంది. ఇనుము మీద నేర్చిన చెయ్యి వీటి మీద నెమ్మదించక తప్పదు.

ఓపికే పనిముట్టు

ఇంజిను పూర్తిగా చల్లారే వరకు రేడియేటర్ మూత ముట్టరాదు. వేడి మీద తీస్తే మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. పాత రబ్బరు గొట్టం రాకపోతే స్క్రూడ్రైవర్‌తో పెకలించకుండా, బ్లేడుతో నిలువునా కోసి తీయడం మేలు.

బిగుసుకున్న బోల్టును వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, తుప్పు వదిలే నూనె వేసి, వీలైతే రాత్రంతా నాననివ్వాలి. సుత్తితో మెల్లగా తట్టి, ముందు వెంట్రుకవాసి బిగించి, తర్వాత వదులు చేయాలి. ఆరు పలకల బాక్సు స్పానర్ తలను అన్ని వైపులా పట్టుకుంటుంది కనుక తల అరగదు. తల అప్పటికే అరిగిపోతే గ్రిప్ ప్లయర్ వాడవచ్చు. తల తెగితే కాడ మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేస్తారు. ఆ వేడికే తుప్పు పట్టు వదులుతుంది. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ వైర్లు ఊడదీయడం మరువరాదు.

అదీ కుదరకపోతే సరిగ్గా నడిమధ్యన డ్రిల్లు వేసి తీయాలి. మర పాడైతే రంధ్రం పెద్దది చేసి, ట్యాపుతో కొత్త మర కోసి, లోపల ఉక్కు తీగచుట్ట బిగిస్తారు. దాంతో పాత సైజు బోల్టే మళ్లీ పడుతుంది.

బిగింపులోనూ కొలత

పది నంబరు స్పానర్ పట్టే ఆరు మిల్లీమీటర్ల బోల్టుకు అల్యూమినియంలో సాధారణంగా ఒక కిలో-మీటరు బిగింపు చాలు. అంటే మీటరు పొడవు పిడి చివర కిలో బరువు వేలాడదీసినంత. అంతకు మించితే మర ఊడి వస్తుంది. కొత్త కీలుతోపాటు రబ్బరు వాషరు, క్లిప్పు కూడా కొత్తవే వేయాలి. కంపెనీ చెప్పిన కూలెంటును శుద్ధి చేసిన నీళ్లలో కలిపి పోసి, లోపలి గాలి బుడగలు పోయే వరకు ఇంజిను నడిపి చూడాలి.

తీసిన పాత కూలెంటును నేల మీద పారబోయరాదు. తియ్యగా ఉండే ఆ నీళ్లు విషం. మేకలు, కుక్కలు తాగితే చస్తాయి.

నెల్లూరు నుంచి బద్వేలు వైపు పోయే 67వ నంబరు జాతీయ రహదారి ఆత్మకూరు మీదుగానే సాగుతుంది. ఆ దారి పట్టే ముందు, తెల్లవారగానే బండి కింద తడి ఉందేమో వంగి చూడటానికి ఒక్క నిమిషం చాలు. చుక్క కనబడిన రోజే బాగు చేయించుకుంటే, రోగితో నడిరోడ్డు మీద నిలబడే గతి తప్పుతుంది.