దూరపు బాటకు తగిన సైకిలు

లక్షణాలు చూసి వాహనాన్ని ఎన్నుకోవడం మనవారికి కొత్త కాదు. శాలిహోత్రుని పేర సంస్కృతంలో అశ్వశాస్త్రం వెలసింది. తెలుగులో మనుమంచి భట్టు ‘హయలక్షణ విలాసం’ అనే పద్యకావ్యంలో గుర్రాల లక్షణాలను వివరించాడు. గుర్రాన్ని కొనదలచినవాడు దాని కాళ్లు, మెడ, సుడులు, నడక పరీక్షించి గాని సొమ్ము చెల్లించేవాడు కాదు. నేడు సైకిలు కొనదలచిన యువకుడు తొలుత చూసేది దాని రంగు. తరువాత చూసేది టైరు లావు. దూరప్రయాణంలో సుఖం ఈ రెండింటిలోనూ లేదు.

నెల్లూరు జిల్లాలోని మనుబోలును ఉదాహరణగా తీసుకోవచ్చు. చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి ఈ ఊరి మీదుగా సాగుతుంది. ఒకప్పుడు దీనిని 5వ నంబరు రహదారి అనేవారు. 2010లో నంబర్లు మార్చిన తరువాత ఇది 16వ నంబరు రహదారి అయింది. ఉత్తరాన నెల్లూరు సుమారు 25 కిలోమీటర్లు. దక్షిణాన గూడూరు అందులో సగం దూరం. నేల చదునైనది, దారి నున్ననిది. సాధారణమైన సైకిలు పెడలు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 5 మీటర్లు సాగుతుంది. ఆ లెక్కన మనుబోలు నుండి నెల్లూరు చేరడానికి మోకాలు 5,000 సార్లు వంగి లేవాలి. తిరిగి రావడానికి మరో 5,000 సార్లు. వీధి చివరి అంగడికి వెళ్లి వచ్చేటప్పుడు తెలియని చిన్న లోపం పదివేల సార్లు పునరావృతమైతే నొప్పిగా మారుతుంది. సైకిలు ఎంపికలో గమనించవలసిన మొదటి విషయం ఇదే.

కనుక కొలత ప్రధానం. మన నల్లని పాత సైకిళ్లను 22 అంగుళాలు, 24 అంగుళాలు అని రెండు కొలతలలో అమ్మేవారు. అది చక్రం కొలత కాదు, ఫ్రేము కొలత. సైకిలుకు ఇరువైపులా పాదాలు మోపి నిలిచినప్పుడు పైకడ్డీకి, శరీరానికి నడుమ కనీసం రెండు వేళ్ల సందు ఉండాలి. తరువాత సీటు ఎత్తు. సీటుపై కూర్చుని, పెడలును అట్టడుగుకు దించి, దానిపై మడమను ఆనించాలి. అప్పుడు కాలు నిటారుగా చాచుకోవాలి. తొక్కేటప్పుడు పాదం ముందుభాగం పెడలుపై ఉంటుంది గనుక మోకాలికి స్వల్పమైన వంపు దానంతటదే ఏర్పడుతుంది. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలనే భయంతో సీటును బాగా దించుకునేవారు అనేకులు. అట్టివారి మోకాళ్లపై ప్రతి చుట్టులోనూ అనవసరమైన భారం పడుతుంది. కొద్ది కిలోమీటర్లకే అలసి, లోపమంతా సైకిలుదే అని నిందిస్తారు.

సీటు మెత్తగా ఉంటే సుఖమని సామాన్యుల నమ్మకం. అర్ధగంట ప్రయాణానికి అది నిజమే. కూర్చున్నప్పుడు శరీరభారాన్ని మోయవలసినవి కటిభాగం అడుగున ఉండే రెండు ఎముకలు. మితిమీరిన మెత్తని సీటులో అవి కూరుకుపోతాయి. చుట్టూ ఉన్న మెత్తని భాగాలు ఒత్తిడికి లోనై తిమ్మిరి పుడుతుంది. ఆ ఎముకలకు సరిపోయే వెడల్పు కలిగి, కొంత గట్టిగా ఉండే సీటు దూరప్రయాణానికి మేలు. నడుము నిటారుగా ఉంచి తొక్కేవారికి వెడల్పు సీటు, ముందుకు వంగి తొక్కేవారికి సన్నని సీటు నప్పుతాయి. హ్యాండిలు అందుకోవడానికి భుజాలు బిగుసుకోనక్కరలేకుండా మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి. పందెపు సైకిళ్లకు ఉండే కిందికి వంగిన హ్యాండిలు ఎదురుగాలిని తగ్గిస్తుందే గాని, అలవాటు లేనివారికి మెడనొప్పి తెస్తుంది.

టైరు సంగతి మరింత ఆసక్తికరమైనది. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ సైకిలును తయారుచేసేనాటికి టైర్లు గట్టి రబ్బరువి. గాలి నింపిన టైరుకు 1888లో పేటెంటు పొందిన డన్‌లప్ వృత్తిరీత్యా పశువైద్యుడు! కుమారుని మూడు చక్రాల బండి కుదుపులు తగ్గించాలన్న తలంపే ఆయన ప్రయత్నానికి మూలం. ఆ గాలియే నేటికీ చవకైన, ఉత్తమమైన స్ప్రింగు. కొండదారుల కోసం రూపొందిన సైకిళ్లకు గట్లుగట్లుగా ఉండే లావుటైర్లు, ముందూవెనుకా స్ప్రింగులు ఉంటాయి. నున్నని దారిలో ఆ గట్లు శ్రమను మింగివేస్తాయి. తొక్కే బలంలో కొంత స్ప్రింగులను ఊపడానికే వ్యయమవుతుంది. మన యువకులలో పెక్కుమంది ముచ్చటపడి కొనేది దీనినే. తారురోడ్డుకు 32 నుండి 40 మిల్లీమీటర్ల వెడల్పున్న నునుపైన టైరు చాలు. గాలిని మాత్రం వారానికొకసారి సరిచూసుకోవాలి.

మద్రాసు సమీపాన అంబత్తూరులో 1949లో నెలకొన్న టి.ఐ. సైకిల్స్, 1956లో లూధియానాలో ఆరంభమైన హీరో సైకిల్స్ వంటి సంస్థలు నల్లని సైకిలును పల్లెపల్లెకూ చేర్చాయి. పాలవారు, ఉపాధ్యాయులు, తపాలాబంట్రోతులు దానిపైనే మైళ్లకొలది తిరిగారు. పెద్ద చక్రాలు, ముందుకు వంగిన ఫోర్కు, చక్రాల నడుమ ఎక్కువ దూరం – ఇవన్నీ కుదుపును తగ్గించే లక్షణాలే. చైనును పూర్తిగా కప్పే రేకు పంచెను, పావడాను కాపాడేది. పైకడ్డీ లేని ఆడపిల్లల సైకిలుకూ ఇవే కొలతలు వర్తిస్తాయి. పాత సైకిలుకు ఉన్న పెద్ద లోపం బరువు. సుమారు 20 కిలోలు. ఆ సుఖాన్ని నిలుపుకొని బరువు తగ్గించినదే నేటి హైబ్రిడ్ సైకిలు అనవచ్చు.

గేర్ల విషయంలో ఆడంబరం అనవసరం. ఇరవైయొక్క గేర్లు కొండలున్నచోట ఉపయోగపడతాయి. మనుబోలు పరిసరాలలో కొండ లేదు గాని గాలి ఉంది. గాలి నిరోధం వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. ఎదురుగాలి వీచేనాడు చదునైన దారి కూడా ఎత్తుదారి అవుతుంది. అట్టి సమయంలో తేలికైన గేరు ఒకటి రెండు ఉంటే మోకాళ్లు తెరిపిన పడతాయి. అంతకు మించినవి మరమ్మతు ఖర్చు పెంచుతాయి. గేర్లు సరిచేయగల పనివాడు సమీపంలో ఉన్నాడో లేడో ముందుగా విచారించుకోవడం వివేకం.

సొమ్ము చెల్లించే ముందు కనీసం అర్ధగంట తొక్కి చూడాలి. అంగడివారు అంగీకరించకపోతే అదే రకం సైకిలున్న మిత్రుని అడగడంలో నామోషీ లేదు. కొన్న తరువాత నేరుగా నెల్లూరుకు బయలుదేరక, గూడూరు దాకా వెళ్లి రావాలి. ఏ భాగం నొచ్చిందో గుర్తుంచుకొని సీటును ఒక్కొక్క అరఅంగుళం చొప్పున సవరించుకోవాలి. కొత్త సైకిలుకు తొలి వంద కిలోమీటర్లలో చక్రపు పుల్లలు, పెడలు కాటరు పిన్నులు వదులవుతాయి. వాటిని బిగింపించిన తరువాతనే దూరపు దారి పట్టాలి.