కొండమీద బడి, మైదానంలో తల్లిదండ్రులు

“మేము మిషన్ బోర్డింగులో చదువుకున్నవాళ్లము” అని మన సంఘాలలోని పెద్దలు కాస్త గర్వంగానే చెప్పుకుంటారు. గర్వపడవలసిన సంగతే. గుంటూరు, ఒంగోలు, నెల్లూరు, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఆ బోర్డింగులు లేకపోతే మన పల్లెల నుండి మొదటి తరం టీచర్లు, నర్సులు, పాస్టర్లు అంతమంది వచ్చియుండేవారు కారు. అయితే ఆ బోర్డింగులు నడిపిన దొరగారు, దొరసానిగారు తమ సొంత పిల్లలను ఎక్కడ చదివించారు? ఈ ప్రశ్న మనలో చాలామంది వేసికొని యుండరు. మిషన్ బంగళాలో ఆ పిల్లలు కనబడేది సెలవుల్లోనే. వారిలో చాలామంది మిగతా కాలమంతా ఎక్కడో దక్షిణాన, కొడైకెనాల్ కొండమీద, ఒక చిన్న బడిలో ఉండేవారు.

ఈ రోజుల్లో మన ఊళ్ల పక్కనే ‘ఇంటర్నేషనల్ స్కూల్’ అన్న బోర్డులు వెలుస్తున్నాయి. ఆరేళ్ల బిడ్డను హాస్టల్లో వేయవచ్చునా అని తల్లిదండ్రులు పాస్టర్లను అడుగుతున్నారు. అందుకని ఆ కొండమీద బడి సంగతి, ముఖ్యంగా ఆ తల్లిదండ్రుల సంగతి, కొంచెం వివరంగా చెప్పవలెనని తోచింది.

కొడైకెనాల్‌లో మొదట ఇళ్లు కట్టుకున్నది మదుర ప్రాంతంలో పనిచేసిన అమెరికన్ మిషనరీలు, 1845లో. కలరా, మలేరియా జ్వరాలతో కుటుంబాలు నశించిపోతుంటే, ఏడువేల అడుగుల ఎత్తున చల్లని చోటు వెదుక్కున్నారు. బిడ్డలను బ్రతికించుకోవడానికి ఆ రోజుల్లో వారికున్న మరో దారి స్వదేశం పంపేయడం. బంధువుల ఇంటనో, మిషన్ వారి గృహంలోనో వదిలి, తల్లిదండ్రులు ఓడ ఎక్కి మన దేశం తిరిగి వచ్చేవారు. ఏడెనిమిదేళ్లకు సెలవు దొరికి వెళ్లేసరికి, వదిలి వచ్చిన పసివాడు నూనూగు మీసాలతో ఎదురొచ్చి, అపరిచితులకు చేయి కలిపినట్లు చేయి కలిపేవాడు.

ఈ ఎడబాటు తగ్గించాలనే 1901లో కొడైకెనాల్‌లో హైక్లర్క్ అనే భవనంలో బడి తెరిచారు. మొదట చేరింది 13 మంది పిల్లలు. మొదటి ప్రిన్సిపాల్ మార్గరెట్ ఎడ్డీ అనే పెద్దావిడ. ఆమె వై.ఎం.సి.ఏ. సేవకుడు షెర్వుడ్ ఎడ్డీ తల్లి. తర్వాత మన దోర్నకల్ బిషప్పు అయిన అజరయ్యగారికి ఈ ఎడ్డీ ఆప్తమిత్రుడని చెబితే మనవారికి దగ్గరితనం కలుగుతుంది. అంత చిన్న బడి గనుక పెద్దావిడకు ప్రతి బిడ్డ పేరూ, ప్రతి బిడ్డ తల్లీ తెలుసు.

ఆ బడికి చేరడం చిన్న పని కాదు. ఒంగోలు నుండిగాని గుంటూరు నుండిగాని మద్రాసు వరకు ఒక రైలు, అక్కడినుండి కొడై రోడ్ స్టేషనుకు మరొక రైలు. 1910ల నడుమ మోటారు రోడ్డు పడేదాకా, అక్కడి నుండి కొండ ఎక్కడం నడిచిగాని, గుర్రంమీదగాని, కూలీలు మోసే కుర్చీలలోగాని. జ్వరమొచ్చిందని కబురందినా తల్లి వెంటనే బయలుదేరి బిడ్డ మంచం దగ్గరకు చేరేసరికి రెండు మూడు రోజులు గడిచిపోయేవి.

బడి పెట్టినవారు ఒక మంచి పని చేశారు. తల్లిదండ్రుల పనికాలాన్ని బట్టి బడికాలాన్ని అమర్చుకున్నారు. ఏప్రిల్, మే నెలల ఎండలకు మిషనరీ కుటుంబాలు కొండ ఎక్కేవి. ఆ కాలమంతా పిల్లలు హాస్టలు వదిలి అమ్మానాన్నలతో కాటేజీల్లో ఉంటూ పగలు బడికి పోయేవారు. తిరిగి చలికాలంలో పెద్ద సెలవులకు పిల్లలే మైదానానికి దిగి వచ్చేవారు. క్యాంపు గుడారాలు, ఎడ్లబండ్లు, పల్లెల్లో క్రిస్మస్ పండుగ, ఇవన్నీ వారికి దక్కేవి. రెండు వేపులా లెక్కవేసినా సగం ఏడాదికి పైగా ఎడబాటే. అయినా ఏడేళ్లతో పోలిస్తే అది తల్లులకు వరంగానే తోచింది.

కొందరు తల్లులు ఆ వరాన్ని కూడా మోయలేకపోయారు. ఇలాంటి బడులలో వారానికొక ఉత్తరం ఇంటికి రాయడం నియమం. ఏడేళ్ల పిల్ల రాసే ఉత్తరంలో ఏముంటుంది? బాగున్నాను, వాన పడింది, నా పళ్లు ఊడినవి. ఆ నాలుగు ముక్కల్లో ఏడ్పు ఉందా లేదా అని తల్లి దీపం దగ్గర పెట్టుకుని పదిసార్లు చదువుకోవలసిందే. మన ఊరి ఆడపిల్లలకు జడలు వేసి బోర్డింగుకు పంపే దొరసాని చేతులు, తన కూతురి జడ వేసి నాలుగు నెలలై యుండేది. ఈ సంగతి మిషన్ చరిత్ర పుస్తకాలలో ఒక్క వరుసగానైనా కనబడడం అరుదు.

అలాంటి తల్లులకు ప్రసంగాలలో హన్నానే చూపించేవారు. సమూయేలును పాలు విడిచిన వెంటనే షిలోహులో అప్పగించిన తల్లి, ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకుపోయిన తల్లి. నిజమే. అయితే హన్నా తన బిడ్డను వదిలిన ఇంటిలోనే ఏలీ కుమారులు కూడా ఉన్నారు. వారి దుష్టత్వం అదే గ్రంథంలో, ఆ అంగీ మాట ఉన్న అధ్యాయంలోనే ఉన్నది. అంగీని గురించి ప్రసంగించినవారు ఆ భాగం వద్దకు వచ్చేసరికి త్వరగా పేజీ తిప్పేవారనిపిస్తుంది.

పేజీ తిప్పితే ఏమవుతుందో పశ్చిమ ఆఫ్రికాలోని గినీ దేశంలో మామూ అనే చోట తెలిసింది. అక్కడ కూడా మిషనరీ పిల్లలకొక చిన్న బోర్డింగు బడి 1971 వరకు నడిచింది. పిల్లలను క్రూరంగా కొట్టడం, అవమానించడం, లైంగికంగా హింసించడం జరిగిందని, అక్కడ చదివినవారు పెద్దవారయ్యాక బయటపెట్టారు. ఆ మిషన్ సంస్థే స్వతంత్ర విచారణ సంఘాన్ని నియమించగా, 1990ల చివర వచ్చిన నివేదిక ఆ మాటలు నిజమని తేల్చింది. తల్లిదండ్రులకు ఎందుకు తెలియలేదు? పిల్లల ఉత్తరాలను సిబ్బంది చదివి, దిద్ది పంపేవారు. దేవుని పనికి అడ్డు రాకూడదని పిల్లలకు నేర్పారు. పాతికేళ్లు, ముప్పైయేళ్లు గడిచాక ఆ ముసలి తల్లిదండ్రులు తమ బిడ్డల నోట ఆ సంగతి విన్నారు.

కొడైకెనాల్ బడిని, మామూ బడిని ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. చిన్న బడి అన్నది రెండంచుల కత్తి వంటిదని మాత్రం చెప్పదలచాను. మనసున్నవారు నడిపితే చిన్న బడిలో ప్రతి బిడ్డా కంటికి ఆనుతాడు. ఒక్క చెడ్డ మనిషి చేతిలో పడితే, చెప్పుకోవడానికి బిడ్డకు ఇంకొక పెద్ద దిక్కే ఉండదు.

మేలు కూడా జరిగిందనడానికి మనకు తెలిసిన సాక్ష్యమున్నది. పాల్ హీబర్ట్ 1932లో శంషాబాద్‌లో, మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీల ఇంట పుట్టాడు. కొడైకెనాల్‌లో చదివాడు. పెద్దయ్యాక తిరిగి పాలమూరు సీమకు వచ్చి సేవ చేశాడు. కొండూరు అనే తెలుగు పల్లె జీవితంపై ఆయన రాసిన పరిశోధన 1971లో పుస్తకంగా వచ్చింది. మన కులాలను, పంచాయితీలను, పండుగలను అంత ఓర్పుతో చూసి రాసిన విదేశీయులు అరుదు. ఇలా రెండు లోకాల మధ్య పెరిగిన పిల్లలకు ‘మూడో సంస్కృతి పిల్లలు’ అని పేరు పెట్టింది రూత్ హిల్ యూసీమ్ అనే అమెరికన్ సమాజశాస్త్రవేత్త. 1950లలో ఆమె, ఆమె భర్త మన దేశంలో ఉన్న అమెరికన్లను పరిశీలిస్తుండగా పుట్టిన మాట అది. ‘మీది ఏ ఊరు?’ అంటే ఈ పిల్లలకు జవాబు తోచదు. హీబర్ట్ వంటివారికి అది దృష్టినిచ్చింది. కొందరికి జన్మంతా తీరని వెలితిగా మిగిలింది.

కాలక్రమాన చాలా మిషన్ సంస్థలు పద్ధతి మార్చుకున్నాయి. చిన్నవయసులో బోర్డింగు తప్పనిసరి అనకుండా, నిర్ణయం తల్లిదండ్రులకు వదిలాయి. కొడైకెనాల్ బడి కూడా 1970లలో పేరు మార్చుకుని, అన్ని దేశాల పిల్లలకు, మన దేశపు పిల్లలకు తలుపులు తెరిచి, 1976లో ఐబీ అనే అంతర్జాతీయ చదువును మన దేశంలోకి మొదటగా తెచ్చింది.

ఇక మన సంగతి. మిషనరీలకు ఊళ్లో వేరే బడి లేక పంపారు. మనకు ఊళ్లోనే బడి ఉన్నది, అవ్వతాతలు ఉన్నారు. ఐదారేళ్ల బిడ్డను దూరం పంపడానికి ఇంగ్లీషు ఒక్కటే కారణమైతే అది చాలదని నా అభిప్రాయం. తల్లి లేకో, తండ్రి గల్ఫులో ఉండో, మరో దారి లేకనో పంపవలసి వస్తే, బోర్డు మీద ‘ఇంటర్నేషనల్’ అన్న మాట చూసి మురిసిపోకండి. ఐబీగాని కేంబ్రిడ్జిగాని నిజంగా గుర్తింపు ఇచ్చిందా, ప్రభుత్వ అనుమతి ఏ తరగతి వరకు ఉన్నది, కాగితం చూపమనండి. అడగడానికి సంకోచించకండి, ఫీజు కట్టేది మీరు. ఆపైన రాత్రిపూట పిల్లల గదిలో ఎవరు పడుకుంటారు, జ్వరమొస్తే ఎవరు లేస్తారు అని అడగండి. బిడ్డతో ఎవరూ పక్కన లేకుండా ఫోనులో మాట్లాడనిస్తారా? చెప్పకుండా వచ్చి చూడవచ్చునా? ఈ రెండింటికీ కాదన్న చోట బిడ్డను వదలకండి.

పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం నిషేధం. లైంగిక వేధింపులపై 2012 నాటి పోక్సో చట్టమున్నది. సంగతి తెలిసీ దాచిపెట్టిన పాఠశాలవారు కూడా ఆ చట్టం కింద శిక్షార్హులే. అది క్రైస్తవ సంస్థ అయినా అంతే, పాస్టరుగారి బంధువు నడిపేదైనా అంతే. పెట్టె సర్దేముందు బిడ్డకు మీ ఫోను నంబరుతో పాటు 1098 అనే బాలల సహాయ నంబరు కూడా కంఠతా పట్టించండి.